తొట్టిలో నానుతున్న రంగు బిళ్లలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు ముసలివాణ్ణయ్యాను కాబట్టి అరుపులతో సరిపెడుతున్నాను గానీ, నలభై రెండేళ్ల వయసులో నోటికంటే ముందు చెయ్యి లేచేది. ఆ వయసులోనే, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేస్తున్న నేత వదిలేసి, ధర్మవరంలో రంగు సిమెంటు బిళ్లలు చేసే పని పెట్టాను.

అరవైలు మొదలైన రోజులవి. పట్టు దొరక్క మగ్గం నెలలో సగం రోజులు ఊరికే పడి ఉండేది. అప్పుడే పెద్దిళ్లవాళ్లకు నల్లబండలు తీయించి, నడిమింట్లో పూల బిళ్లలు పరిపించుకోవాలని మోజు పుట్టింది. అవి బెంగళూరు నుంచి రావాలి. వచ్చేసరికి సగం విరిగేవి. నేను అక్కడే మూడు నెలలుండి పని నేర్చుకుని, చేత్తో తిప్పే పాత ప్రెస్సు ఒకటి తెచ్చుకున్నాను. అచ్చులో రంగులు పోసేటప్పుడు పువ్వు ముఖం కిందికి ఉంటుంది. వెనక నుంచి చూస్తూ ముందు ఎట్లా వస్తుందో ఊహించుకోవడం నేతగాడికి పెద్ద పనేం కాదు.

ప్రెస్సుకు చోటు లేక, కాళ్లు దించుకుని కూర్చుని నేసే మగ్గం గుంట పూడ్చేశాను. పక్క వాటాలో ఉండే మా అన్న వచ్చి చూశాడు. నాకు నేత నేర్పింది ఆయనే. చూసీ చూడగానే నా చెంప పగలగొట్టాడు.

"నాయన కూర్చున్న గుంటరా అది! ఆయన్ని ఇంగోసారి పూడ్చినావు కదరా!"

నేనూ తక్కువ తినలేదు. రొమ్ము మీద చెయ్యేసి గోడకు నెట్టాను. ఆ తర్వాత ఏడు నెలలు ఒకే గోడకు అటూ ఇటూ ఉండీ మాటల్లేవు.

మొదటి పెద్ద పని బత్తలపల్లె దగ్గర ఒక మోతుబరి ఇల్లు. కూతురి పెళ్లిలోగా హాలంతా పరవాలి. అది నిలబడితే నేను నిలబడతాను. చెడితే మళ్లీ గుంట తవ్వుకుని అన్న ముందు తల దించుకోవాలి.

బిళ్ల ఒత్తగానే పని అయిపోదు. పది పన్నెండు రోజులు నీళ్లలో మునిగి ఉండాలి, లేకపోతే అడుగు పడగానే పొడి రాలుతుంది. ఆ ఏడు చుక్క వాన లేదు. వీధి బావిలో బిందె మునగక ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటున్నారు. నేను ఊరి బయట తోట బావి నుంచి పీపాల బండిలో నీళ్లు తెచ్చి తొట్టి నింపాను. ఎక్కడివైతేనేం? వీధివాళ్ల కళ్లకు కనిపించేది ఒకటే: బిడ్డలు గొంతెండి ఏడుస్తుంటే ఒకడు బండలకు నీళ్లు తాపుతున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది.

తొమ్మిదో రోజు పొద్దున వీధి వీధంతా నా ఇంటి మీద పడింది. కొందరి చేతుల్లో గడ్డపారలున్నాయి.

"ఏమప్పా, మాకు నోరు తడుపుకునేకి లేవు, నీ బండలు ఈతాడతాండాయా?" అని ఒకాయన అరిచాడు.

"అవి సిమెంటు నీళ్లు! తాగితే పేగులు కాల్తాయి!" అన్నాను.

"తాగే నీళ్లను అట్ల చేసింది ఎవురు?" అంది వెనక నుంచి ఒకామె.

 అంతలో ఒక రాయి వచ్చి నుదుటికి తగిలింది. కంట్లోకి నెత్తురు దిగింది. ఎవడో గడ్డపారతో తొట్టి అంచు మీద పొడిచాడు. నాకు తిక్క రేగి, ప్రెస్సు తిప్పే ఇనప కడ్డీ ఊడబెరికి వాడి భుజం మీద వేశాను. వాడు కూలబడ్డాడు. ఇంకొకడి మోకాలి మీద వేశాను. రండిరా, రండిరా అని అరుస్తున్నాను.

అప్పుడు గుంపును తోసుకుంటూ అన్న వచ్చాడు. చెయ్యి పైకెత్తి నేరుగా తొట్టి మీదికి దూకాడు. ఏడు నెలల కసి తీర్చుకోవడానికి వచ్చాడనుకున్నాను. ఒంట్లో బలమంతా పెట్టి కడ్డీ దించాను. ఆయన కుడి మణికట్టు ఎండు కట్టె విరిగినట్టు విరిగింది.

అన్న కింద పడలేదు. తొట్టికి వీపు ఆనించి, విరిగిన చేతిని పొట్టకు అదుముకుని, నా వైపు కాదు, గుంపు వైపు చూశాడు.

"పోండప్పా. వాని కూడు అది. పగలగొట్టొద్దండి" అన్నాడు.

 గడ్డపారలు దించుకుని, దెబ్బలు తిన్నవాళ్లను లేపుకుని వెళ్లిపోయారు. ఒక్క బిళ్ల కూడా విరగలేదు. హాలు పరిచాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, ఇంకో నాలుగు ఇళ్లు పిలిచాయి.

అన్న చెయ్యి మాత్రం వంకరగా అతుక్కుంది. వేళ్లు ముడుచుకోవు, అడ్డపోగు వేసే నాడె పట్టుకోలేవు. ఆయన మగ్గం మీద సగం నేసిన చీరను ఎవరో వచ్చి పూర్తి చేశారు.

తట్టుకోలేక ఒక మధ్యాహ్నం ఆ కడ్డీ తీసుకుని ఆయన వాటాలోకి వెళ్లాను. గడప పక్కనే భోజనానికి కూర్చుని ఉన్నాడు. వదిన ముద్ద కలుపుతోంది. కడ్డీ ఆయన ఎడమ చేతి పక్కన పెట్టి, నా కుడి చెయ్యి గడప మీద చాపాను.

"కొట్టన్నా. నీ కాళ్లు మొక్కుతా, ఒక్క దెబ్బ కొట్టు" అని ఏడ్చాను.

ఆయన ఎడమ చేత్తో కడ్డీని పక్కకు జరిపాడు.

"నీదీ ఇరిగితే రెండిండ్లకు కూడు ఎవుడు పెడ్తాడురా?" అని, వదిన అందించిన ముద్దకు నోరు తెరిచాడు.