చివరి రంధ్రంలో ఉండాల్సిన బోల్టు

మా ఊరు ట్రాయ్‌లో మొదటి మంచు పడిన వారంలోనే నా రెండు సీట్ల కారు రెండుసార్లు గిర్రున తిరిగింది. ఒకసారి ఖాళీ పార్కింగ్ లాట్‌లో, మంచు మీద నడపడం సాధన చేస్తుండగా. రెండోసారి మా వీధి మలుపులో, నా భార్య పక్కన కూర్చుని ఉండగా. పక్కింటివారి మెయిల్‌బాక్స్‌కు జానెడు దూరంలో ఆగాం.

ఆదివారం మా అమ్మాయి వచ్చింది.

"నాన్నా, రేస్ ట్రాక్ మీద నువ్వు ఫాస్టే, ఒప్పుకుంటా. బట్ యూ ఆర్ సెవెంటీ వన్. ఇంకొక్కసారి స్పిన్ అయితే కీస్ నాకిచ్చేయ్."

"వింటర్ టైర్లు వేశానమ్మా. ట్రెడ్ కూడా అరగలేదు."

"టైర్లు బాగుంటే ఇంక తేడా మీ చేతుల్లోనేనండీ" అంది నా భార్య, చపాతీలు తిప్పుతూ.

వేసవిలో ట్రాక్ మీద ఇవే చేతులు జారుతున్న కారును పట్టి నిలబెట్టాయి. కారు పనులు రాసుకునే డైరీ తీశాను. కారు వెనక చక్రాలను కలుపుతూ ఒక ఇనుప బార్ ఉంటుంది. దాని బోల్టు లోపలి రంధ్రంలో ఉంటే వెనక భాగం బిగుసుకుని మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. ట్రాక్‌కు అది కావాలి. మంచులో అదే ప్రమాదం. అందుకే చలికాలం ముందు బోల్టును చివరి రంధ్రానికి మారుస్తాను. నవంబరు పేజీలో స్పష్టంగా ఉంది: "వింటర్ టైర్లు వేశాను. వెనక బార్ చివరి రంధ్రానికి మార్చాను."

అయితే తప్పు కారుది కాదు. రెండు రోజులు స్టీరింగ్ ముట్టుకోలేదు. కాఫీ కప్పు పట్టుకున్నప్పుడల్లా వేళ్ళ వంక చూసుకున్నాను.

బుధవారం, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగున పేరుకుందని, తుడుద్దామని గరాజ్‌లో కారును స్టాండ్ల మీదికి లేపాను. బోల్టు లోపలి రంధ్రంలోనే ఉంది. దాని తల మీద వేసవి దుమ్ము చెదరలేదు.

డైరీలో చేతిరాత నాదే. చాలాసేపటికి గాని తట్టలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ రోజు చేయాల్సిన పనులు పొద్దున్నే, చేసేసినట్టుగా రాసుకోవడం నాకు అలవాటు. రాశాక చేయక తప్పదు కదా అని. ఆ రోజు టైర్లు వేసి ఎందుకు ఆపేశానో గుర్తు లేదు.

బోల్టు మార్చి లాట్‌కు వెళ్ళాను. అదే మంచు, అదే మలుపు. వెనక చక్రాలు ముందువాటి వెంటే బుద్ధిగా వచ్చాయి. సంతోషించాల్సింది. కాని బ్రేక్ ఆయిల్ మార్చానని రాసింది నిజంగా మార్చాకేనా? చక్రాల నట్లు బిగించానని రాసింది?

అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"సో, నీ చేతులు ఫైన్. గుడ్ న్యూసే కదా నాన్నా?"

"చేతులు బాగానే ఉన్నాయి. నువ్వొచ్చి కీస్ తీసుకెళ్ళు. కింద ఒక్కో బోల్టూ నేను కళ్ళతో చూసేదాకా నీ దగ్గరే ఉంచు."



"నేను గెలిచానా, ఓడానా? అర్థం కావట్లేదు."

"నాకూ కావట్లేదమ్మా" అన్నాను.