సెషన్ అనే మాట

తొంభైల చివర్లో కోస్గిలోని ఒక చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవాడిని. మాది దేవరకొండ వైపు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని కావడం వల్ల, ప్రతి సంగతినీ విడమరచి చెప్పకపోతే చదువుకు మర్యాద దక్కదని నమ్మేవాడిని.

అక్కడి కంప్యూటర్లలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాము. దానిలో లాగిన్ అయ్యాక కనబడే రెండు డెస్క్‌టాప్‌లు: చూడముచ్చటైనది ఒకటి, పాత యంత్రం మీద త్వరగా తెరుచుకునేది మరొకటి. లాగిన్ తెర సెట్టింగుల ఫైలులో రెండింటి పేర్లూ చేర్చి, ఎవరు దేన్ని ఎంచుకుంటే అది మొదలయ్యేలా స్క్రిప్టు సరిచేశాను. పాస్‌వర్డ్ పెట్టె కింద ఆ ఎంపిక కోసం ‘సెషన్’ అనే బటన్ వచ్చింది.

మరునాడు ముందు వరుసలో కూర్చున్న ఒక రైతు ఇల్లాలు ఆ బటన్‌ను ముట్టలేదు. కంప్యూటర్ వస్తే బియ్యం మిల్లులో పని ఇస్తామన్నారని ఆమె నేర్చుకుంటోంది.

“భయమెందుకమ్మా? ముందు సెషన్‌కు పోవాలె, తర్వాతనే లోపలికి పోతరు,” అన్నాను.

గది ఘొల్లుమంది. వెనక నుంచి ఒకాయన, “గా తొవ్వ వాళ్లింటికి ఎరుకే సార్. నువ్వు కొత్తగ చెప్పుడేంది?” అన్నాడు. పాఠం రక్తి కట్టిందనుకొని నేనూ నవ్వాను. ఆమె తల వంచుకొని, చీరకొంగుతో కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది.

మధ్యాహ్నం కేంద్రం యజమాని సంగతి చెప్పాడు. పొలం గట్టు తగాదాలో ఆమె భర్త జైలులో ఉన్నాడు. కేసు సెషన్స్ కోర్టులో నడుస్తోంది.

“ఊరందరికి ఎరుకే. నీకెవ్వలు చెప్పలే? ఇగ ఆమె వస్తదో రాదో.”

ఆ సాయంత్రమే, ఆ బటన్ లేని పాత లాగిన్ తెరను మళ్లీ పెట్టాను. డెస్క్‌టాప్ కూడా ఒక్కటే ఉంచాను.

మరునాడు ఆమె వచ్చింది. తెర వైపు చూసి, “నిన్నటిది ఏది సార్?” అని అడిగింది.

“అవసరం లేదమ్మా. తీసేసిన.”

“నాకోసమా?”

నేను కీబోర్డును ఆమె వైపు జరిపాను.

“ఎందుకు తీసిండని అందరు అడుగుతరు. మళ్ల నా ముచ్చటే వస్తది. పెట్టుండ్రి సార్,” అంది మెల్లగా.

పెట్టాను. ఆమె బటన్ నొక్కి, త్వరగా తెరుచుకునేదాన్ని ఎంచుకుంది.

“ఇప్పుడు పాస్‌వర్డే కద సార్?”

అవునన్నాను. క్షమించమంటే వెనక వరుసకు వినబడుతుంది. పక్క కంప్యూటర్ దగ్గరకు వెళ్లాను.