దేవుని గూట్లో చైనా పట్టు

సముద్రం మొహం ఎరగని మా మదనపల్లె ఇంటికి కస్టమ్సువాళ్లు వచ్చారంటే ఎవరు నమ్ముతారు! మా ఆయన పట్టు తెప్పించి మగ్గాలవాళ్లకు ఇస్తాడు. ఆసారి తెప్పించింది చైనా పట్టు. నూలు పేరు చెప్పి, సుంకం ఎగ్గొట్టి ఓడలోంచి దించిన సరుకని మాకేం తెలుసు? అమ్మినవాడు సుంకం కట్టామన్నాడు, బిల్లు తర్వాత పంపిస్తానన్నాడు. ఈయన సరేనన్నాడు. అంత మెతకదనం కొంపకు చేటని నేను మొత్తుకుంటూనే ఉన్నాను, వింటేనా!

సరుకు పట్టుబడిందని, మావైపు వస్తున్నారని పొద్దున్నే కబురందింది. అప్పటికే పట్టంతా రంగులద్దుకుని మగ్గాలెక్కింది. ఒక్క పట్టుదారపు చిలప తప్ప. కొత్త పట్టులో మొదటి చిలప దేవుని గూట్లో పెట్టడం మా ఇంటి ఆచారం. జీపు చప్పుడు వినగానే అత్త ఆ చిలపకు చుట్టి ఉన్న చైనా అక్షరాల కాగితం పట్టీని పీకి నీళ్లపొయ్యిలో వేసింది. కొడుకు జైలుకు పోతాడని ఆమె భయం. నాకూ అదే భయం, అందుకే అడ్డుపడలేదు.

వచ్చిన ఆఫీసరమ్మ మగ్గాలు చూసింది, అటక వెతికించింది. రంగు పడ్డాక ఏ దేశం పట్టో ఎవరూ చెప్పలేరు, ఏమీ దొరకలేదు. ఇక పోతారనుకుంటుండగా అత్త వైపు తిరిగింది.

"మాదీ మగ్గాలోళ్ల ఇల్లేనమ్మా. దేవుని గూడు యాడుండాది?"

అత్త ముఖాన నెత్తురుచుక్క లేదు. పసుపు బొట్టు పెట్టిన చిలపను తెచ్చిచ్చింది. ఆఫీసరమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"దీని పట్టీ ఏదప్పా?" అని మా ఆయన్ని అడిగింది. "దాని మీద గుర్తుంటే ఓడలో దొంగతనంగా దించినోన్ని పట్టుకుంటాం. దొంగసరుకని తెలిసినోడు పట్టీతోనే దేవుని ముందర పెట్టడు గదా, నీకూ మంచిదే. అది లేదంటే తెలిసే కొన్నావని రాసుకోవాల."

"గూట్లోనే ఉండాల మేడం," అంటూ ఆయన లోపలికి పోబోయి అమ్మ ముఖం చూసి ఆగిపోయాడు. అర్థమైపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. చేత్తో ఆపేశాడు.

"నేనే కాల్చేసినా మేడం."

"తెలిసే కొన్నావా?"

"ఊ."

ఆయన్ని ఎక్కించుకుని జీపు పుంగనూరు దారి పట్టింది. అత్త అంతసేపూ నోట్లో కుక్కుకున్న కొంగు తీసి నా వైపు తిరిగింది.

"ఇంత నోరుండేదానివి, కాల్చింది నేనని నువ్వన్నా సెప్పలేదేమే?"