నీళ్ళు ఇయ్యొద్దన్న మనిషి

వేసవి వచ్చిందంటే మా వీధిలో నీళ్ళ కన్నా ముందు బ్లీచింగ్ పౌడర్ వాసన వస్తుంది. మొన్న ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డానో లేదో, ఆ వాసన ముక్కుకు కొట్టి, పక్కింటి మెట్టు మీద కూర్చుండిపోయాను. పక్కింటమ్మాయి ఎండదెబ్బ అనుకుని తడిగుడ్డ తెచ్చింది. ఎండదెబ్బేం కాదు, నాకు తిప్పేస్వామి గారు గుర్తొచ్చారు. ఆయన చొక్కా ఎప్పుడూ ఆ వాసనే వేసేది. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునే రూపం కాదు. పొట్టి మనిషి, ఎడమకాలు కాస్త ఈడ్చి నడిచేవారు, చేతిలో ఎప్పుడూ ఓ గుడ్డ సంచి. ఆయనంటే నాకు ఎంత గౌరవమో అంత కోపం కూడా ఉండేది. ఇప్పుడు ఆ కోపం నా మీదికే తిరిగింది.

డెబ్బైల చివర్లో నేను అనంతపురంలో ఓ సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరాను, టెంపరరీ ఉద్యోగం. కరువు సెక్షన్‌లో వేశారు. దానికి సూపరింటెండెంటు తిప్పేస్వామి గారు. వానలు ఎగ్గొట్టిన ప్రతి ఏడూ జిల్లాకు ఏమేం కావాలో వరుసగా రాసి హైదరాబాదుకు పంపడం మా పని. హైదరాబాదు వాళ్ళు అన్ని జిల్లాల జాబితాలూ కలిపి ఢిల్లీని సాయం అడిగేవారు. ఢిల్లీ వాళ్ళు పైన ఉన్నవాటికి ఊ కొట్టి, కింద ఉన్నవాటిని కొట్టేసేవారు. అందుకని ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్నదే అసలు సంగతి. కరువు పనులు, పశుగ్రాసం ఎప్పుడూ పైన ఉండేవి. తాగునీళ్ళు, రోగాలు మాత్రం చిట్టచివర, ‘ఇతరములు’ అనే మాట కింద పడి ఉండేవి. తిప్పేస్వామి గారు ప్రతిసారీ వాటిని మొదటి పేజీకి ఎక్కించేవారు. పైఅధికారి ఎర్రసిరాతో కిందికి దించేవారు. మధ్యలో అరిగేవి నా వేళ్ళు.

“మళ్ళీ దించుతారు సార్, ఎందుకీ తిప్పలు?” అని ఒకరోజు విసుక్కున్నాను.

“దించనీమ్మా. మళ్ళా ఎక్కిద్దాం. వేళ్ళు నొప్పి పెడితే చెప్పు, నేనే కొడతా” అన్నారు. ఆయనకు మిషన్‌లో కాగితం ఎక్కించడం కూడా రాదు. నేను నవ్వాను. ఆయన నవ్వకుండా ప్యాంటు పైకి లాగి మడమ పైన నల్లటి మచ్చ చూపించారు. “చిన్నప్పుడు దిగుడుబావి నీళ్ళు తాగితే ఈడ్నుంచి నారికురుపు బయటికొచ్చె. మా యమ్మ ఆ పురుగును పుల్లకు చుట్టి దినామూ రవ్వంత లాగుతా వచ్చె. మా తమ్మునికి లోపల్నే తెగిపోయి కుళ్ళె. వాడు బతకల్యా. పని లేకుంటే మనిషి ఇంగో ఊరికి పోతాడమ్మా. కడుపులోకి పోయిన నీళ్ళను తప్పించుకోను యాడికి పోతాడు?” అన్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు కొట్టమన్నా నోరు మెదపకుండా కొట్టాను.

సెలవు దొరికితే ఆయన బస్సెక్కి ఊళ్ళు తిరిగేవారు. సంచిలో బ్లీచింగ్ పౌడర్ పొట్లాలు తీసుకెళ్ళి బావుల్లో చల్లేవారు. రాయదుర్గం దారిలో బండకిందపల్లి అని ఓ ఊరుంది. ఊరంతటికీ ఒక్క దిగుడుబావి. మోకాళ్ళ లోతున దిగి, కాళ్ళు కడిగిన నీళ్ళనే ముంచుకుని ఇంటికి మోసేవాళ్ళు. ఆ ఏడు అక్కడ వాంతులూ భేదులూ మొదలయ్యాయి. తిప్పేస్వామి గారు పైఅధికారి గది ముందు రెండు రోజులు కాపు కాసి, బతిమాలి, చివరికి సాధించారు. ఆ ఏటి జాబితాలో బోర్లు, వైద్య బృందాలు మొదటి పేజీకి ఎక్కాయి. పరిశీలనకు వచ్చే ఢిల్లీ బృందాన్ని బండకిందపల్లికే తీసుకెళ్ళాలని కూడా ఖాయమైంది. వాళ్ళు కళ్ళారా చూస్తే బోరు పడుతుంది, డాక్టర్లు వస్తారు. ఆ ఊరి ప్రాణం ఆ ఒక్క పూట మీద ఉంది.

ముందురోజు మేమిద్దరం వెళ్ళాం. ఊరి మంచిచెడ్డలన్నీ ఎర్రక్క అనే పెద్దావిడ అరుగు మీదే జరిగేవి. ఆమె కోడలు సుంకమ్మ అప్పటికే జబ్బుతో మంచాన ఉంది. “ఢిల్లీ నుంచి పెద్దోళ్ళు వస్తాండారక్కా. మర్యాద తప్పొద్దండి” అన్నారు తిప్పేస్వామి గారు. అంతే, ఇంకేం చెప్పలేదు.

మరునాడు జీపులు ఆగేసరికి ఊరు అద్దంలా ఉంది. ఎర్రక్క అరుగు మీద తోమిన బిందెలు, వాటి నిండా తేటనీళ్ళు. ఆడవాళ్ళు తెల్లవారకముందే నాలుగు మైళ్ళు నడిచి ఎవరిదో తోటబావి నుంచి మోసుకొచ్చారట. ఎవరింట్లో పెరుగుందో అడిగి తెచ్చి మజ్జిగ చేశారు. వచ్చినవాళ్ళు చీదరించుకుంటారని జబ్బుపడ్డవాళ్ళను ఊరి వెనక మేకలదొడ్డిలోకి మార్చారు. తడిక సందులోంచి సుంకమ్మ చెయ్యి నాకు కనిపించింది. మా పైఅధికారి “నీళ్ళకు ఇబ్బందేమైనా ఉందా?” అని అడిగారు. ఎర్రక్క చేతులు జోడించి, “మీరొచ్చిండారు, ఇంగ మాకేం కొరత సామీ. తాగండి, ఇంగా ఉండాయి” అంది. రోగాల గురించి అడిగితే “మీ దయ వల్ల అందరూ బాగుండారు” అంది.

తిప్పేస్వామి గారు ముందుకొచ్చారు. “సార్, ఈ నీళ్ళు ఈ ఊరివి కావు. నాలుగు మైళ్ళ నుంచి మోసినారు.”

“ఊరివాళ్ళే బాగున్నామంటుంటే మధ్యలో మీకేమిటండీ?” అన్నారు పైఅధికారి.

తిప్పేస్వామి గారు నా వైపు చూశారు. నోటు పుస్తకం పట్టుకుని పక్కనే ఉన్నాను. దొడ్డి చూసినదాన్ని, నోరున్నదాన్ని. ఒక్క మాట అంటే సరిపోయేది. ఉద్యోగం పోతుందని భయపడి తల దించుకున్నాను. నా చేతిలో ఆ మజ్జిగ గ్లాసే ఉంది, రెండోది.

జీపులు వెళ్ళాక ఆయన అడిగారు: “ఎందుకట్ల చెప్తివక్కా?”

“ఇంటికొచ్చినోళ్ళ ముందర లేదనేది ఎట్లప్పా? నువ్వే గదా మర్యాద తప్పొద్దంటివి” అంది ఎర్రక్క.

బృందం ఆ గ్రామంలో నీటి కొరత కనిపించలేదని రాసుకుపోయింది. మొదటి పేజీలోని అంశం మళ్ళీ చివరికి జారింది, కొట్టివేతలో పోయింది. అప్పటికే సుంకమ్మ లేదు. జీపులు వచ్చి వెళ్ళిన నాలుగో రోజు పోయింది. మేము వెళ్తే ఎర్రక్క మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త నయంగా ఉండేది.

మరుసటి ఏడు కూడా కరువే, మళ్ళీ బృందం వచ్చింది. ఈసారి ఆయన ముందురోజు వెళ్ళి అరుగు ముందు నిలబడి చెప్పారు: “నీళ్ళు ఇయ్యొద్దండి. కుర్చీ గూడ వెయ్యొద్దండి. జబ్బు మనుషుల్ని ముందరే పండబెట్టండి. ఏమడిగినా లేదనే చెప్పండి.” మరునాడు వచ్చినవాళ్ళలో ఓ పెద్దాయన ఎండకు తాళలేక గొంతు పట్టుకుని దగ్గాడు. ఎర్రక్క ఇంట్లోకి వెళ్ళబోయి ఆగి, తిప్పేస్వామి గారి వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె కొంగు మొహానికి కప్పుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. జీపెక్కుతూ వాళ్ళలో ఒకరు ఇంగ్లీషులో అన్నది నాకు అర్థమైంది. ఈ ఊరివాళ్ళకు మర్యాద తెలియదట.

నెల తర్వాత జవాబొచ్చింది. కిందటేడు వచ్చిన బృందమే ఇక్కడ నీటి కొరత లేదని నమోదు చేసింది గనక ఈ కోరికను పరిశీలించలేమన్నారు. తిప్పేస్వామి గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి నా బల్ల మీద పెట్టారు. “ఆ ఊరోళ్ళకు మిగిలిండేది ఆ మర్యాద ఒగటేమ్మా. దాన్ని గూడ నేనే గుంజుకుంటి” అన్నారు. ఆ తర్వాత ఆయన ఏ వరుసా మార్చమనలేదు. ఎనభైల మొదట్లో రిటైరయ్యారు. రెండేళ్ళకే పోయారని ఎవరో చెబితే తెలిసింది. బండకిందపల్లిలో బోరు పడింది, చాలా ఏళ్ళ తర్వాత. అప్పటికి ఎర్రక్క కూడా లేదు.

నా ఉద్యోగం పర్మనెంటై, కొన్నేళ్ళకు ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. బృందం వస్తుందంటే ముందురోజు ఊరికి వెళ్ళి, నీళ్ళు ఇవ్వొద్దని చెప్పి వచ్చేదాన్ని. ఎన్ని ఊళ్ళలో చెప్పానో లెక్కలేదు. కొన్నిచోట్ల పని జరిగింది, చాలాచోట్ల జరగలేదు. కానీ ఆ మాట చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకావిడ నా మొహంలోకి ఎర్రక్క లాగే చూసింది.

ఇప్పుడు ఎండలో ఎవరైనా మా గడప ఎక్కితే, పోస్టు తెచ్చినవాడైనా సరే, నా చెయ్యి కుండ మీదికి పోతుంది. పోయి, ఒక్క క్షణం ఆగుతుంది. ఎందుకాగిందో వచ్చినవాళ్ళకు తెలియదు. వాళ్ళు నా మొహం చూసి, “వద్దులేమ్మా” అంటారు.