మామయ్య గొంతులో ఆగిన పద్యం

గురువారం పొద్దున కొవ్వూరు నుంచి వచ్చిన పడవవాడు మా బడి గుమ్మంలో నిలబడి, "రాణిగారు పోయారండి" అన్నాడు. పోయింది మా మేనమామ. ఇరవై ఏళ్లు నాటకాల్లో రాణి వేషాలు కట్టిన మనిషిని చావు కబురులో కూడా ఆ వేషం వదల్లేదు.

నడుం దాటే ఆయన జుట్టు మీద హక్కంతా నాటక సమాజం యజమానిదే. మామయ్య వీధిలోకి వెళ్లాలంటే ఉత్తరీయం తలమీదుగా కప్పుకునేవారు. "వేషం విప్పడం తెలుసురా. విప్పాక నేనెవరో జనానికి తెలియడం లేదు" అని ఒకసారి నవ్వారు.

తాతయ్యకు ఆయన ఒక్కరే కొడుకు. తాతయ్య పోయిన పదో రోజున గోదావరి ఒడ్డున మంగలి కత్తి నూరుతుంటే, యజమాని పడవ దిగి వచ్చారు. శివరాత్రికి ద్రాక్షారామంలో ఆట ఒప్పుకున్నారట.

"రాణి జుట్టు విరబోసుకుని ఏడ్చే ఘట్టం కోసమే జనం వస్తారండి. మీరు గుండు చేయించుకుంటే ఇరవై కుటుంబాలు పస్తులుంటాయి" అన్నారు.

మామయ్య నావైపు చూశారు. నేను తల దించుకున్నాను. అలా దించుకున్నందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. పురోహితులు ఏదో ప్రాయశ్చిత్తం చెప్పి, గుండు లేకుండానే కానిచ్చేశారు. ఆ రోజే, ఆచారం ప్రకారం, అమ్మమ్మకు మాత్రం తల గొరిగించారు.

చెంగు కప్పుకుంటూ అమ్మమ్మ నాతో, "వాడి జుట్టు కోసం అడ్డుపడటానికి ఇంతమంది ఉన్నారు. నన్ను ఒక్కరూ అడగలేదేంట్రా?" అంది. ఆ తర్వాత కొడుకుతో మాట్లాడటం మానేసింది.

ద్రాక్షారామం ఆటకు నేనూ వెళ్లాను. భర్త శవం ముందు రాణి పాడే పద్యం వచ్చింది. మామయ్య జుట్టు విరబోసుకుని, రెండో పాదం ఎత్తుకుని, ఆగిపోయారు. తెర పక్కనుంచి మాట అందించినా పెదవి కదల్లేదు. జుట్టును రెండు గుప్పిళ్లతో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. జనం అది నటనే అనుకున్నారు. ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు.

యజమాని పరుగున లోపలికి వచ్చి, "అద్భుతమండి! నిడదవోలులో కూడా అక్కడే ఆగండి" అన్నారు.

మామయ్య ఆగారు. అక్కడా, ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ. ఇవాళ ఆయన్ను తలుచుకోవడానికి వచ్చిన మీలో చాలామంది మెచ్చుకున్న ఆ మౌనం అలా పుట్టింది. ఒకసారి తెగించి పద్యం మొత్తం పాడేస్తే జనం ఈలలు వేశారు; మళ్లీ మొదలుపెట్టి, ఆగి చూపించాల్సి వచ్చింది. "మొదటిసారి మాట రాలేదు. ఇప్పుడు వచ్చిన మాటను రోజూ మింగుతున్నాను" అన్నారు నాతో.

పద్యం ఎలా చదవాలో నాకు నేర్పింది ఆయనే. "తొందరపెట్టకురా, మాటకు ఊపిరి పీల్చుకునే చోటివ్వు" అనేవారు. నా దగ్గర చదువుకునే పిల్లలకు ఈనాటికీ అదే చెబుతున్నాను.

ఆయన గొంతు బొంగురుపోయాక సమాజం మరో రాణిని వెతుక్కుంది. మామయ్య కొవ్వూరులో అమ్మమ్మ దగ్గరికి చేరారు. ఆవిడ మళ్లీ ఎప్పుడు మాట కలిపిందో నాకు తెలియదు. పోయిన నెల నేను వెళ్లేసరికి ఆయన అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తున్నారు.

"ఒరే, ఎండెక్కింది, లోపలికి రా" అని లోపలినుంచి అమ్మమ్మ కేకేసింది.

"వస్తున్నానమ్మా" అంటూ, యాభై దాటిన ఆ మనిషి చేట చంకన పెట్టుకుని లేచారు. గుమ్మం పొట్టిది. ఒక చేత్తో గోడ పట్టుకుని, వంగి, మెల్లగా ఇంట్లోకి వెళ్లారు.