గోడెలీవ్ బీరు

మా ఊరి చర్చి వాళ్లు పాతతరం మనుషుల మీద చిన్న పుస్తకం వేస్తూ, గోడెలీవ్ గురించి నాలుగు ముక్కలు రాసిమ్మని నన్నడిగారు. ఆవిడ ఇంట్లో ఉంటున్నదాన్ని నేను, ఆవిడ మొగుడితో కాపురం చేస్తున్నదాన్ని నేను, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుందని కాబోలు. రాసిచ్చాను. మంచి మనిషనీ, కష్టజీవి అనీ, దేవుడి దగ్గర హాయిగా ఉండి ఉంటుందనీ రాశాను. చచ్చిపోయిన సవతి గురించి అంతకంటే ఏం రాస్తాం? ఇప్పుడు రాస్తున్నది మాత్రం నా కోసం.

నేను ఆవిణ్ని ప్రాణాలతో చూసింది రెండేసార్లు, అదీ హాప్స్ (బీరుకి చేదునిచ్చే తీగ పూలు) కోతలప్పుడు, దూరం నుంచి. పొడుగు మనిషి. రెండు చేతుల్తో రెండు బీరు పెట్టెలు మోస్తూ, మధ్యలో ఆగి ఎవరితోనో కబుర్లాడుతోంది, బరువన్న సంగతే గుర్తు లేనట్టు. బడిలో వంటమనిషి. ఊళ్లో సగంమంది చిన్నప్పుడు ఆవిడ పోసిన సూపు తాగినవాళ్లే. చర్చిలో గొంతెత్తి పాడేదట, ఒక్క పాటా శ్రుతిలో ఉండేది కాదట. ఆ అపశ్రుతిని కూడా తలుచుకుని మురిసిపోతారు మావాళ్లు. నేను శ్రుతిలో పాడతాను. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడరు.

యాభై నాలుగో ఏట, బడి వంటింట్లోనే, గుండె ఆగి పోయింది. మూడేళ్ల తర్వాత ఆవిడ మొగుడు అర్సేన్ నన్ను చేసుకున్నాడు. నాకప్పటికి నలభై ఏడు. కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పని, ఎవరి గొడవా లేని బతుకు. రెండు సూట్‌కేసులతో ఈ ఇంట్లో అడుగుపెట్టాను. అలమరా తెరిస్తే ఆవిడ చేతిరాత. డబ్బాల మీద ఆవిడ చేతిరాత. బీరు కాచే కొట్టంలోకి వెళ్లడానికి చెక్క బూట్లు అడిగితే, అర్సేన్ ఆవిడవే తెచ్చి నా ముందు పెట్టాడు.

"బానే ఉన్నాయి కదా, పారెయ్యడమెందుకు?" అన్నాడు.

బానే ఉన్నాయి. నా కాళ్లకి రెండు సైజులు పెద్దవి, అంతే. లోపల పాత పేపర్లు కుక్కుకుని ఇన్నేళ్లూ వాటిలోనే నడిచాను.

అర్సేన్ తమ్ముడు విల్‌ఫ్రీడ్ ఊళ్లో మంగలి, నోరు మంచిది, ఆగదు. వాడికి గోడెలీవ్ 'పెద్దొదిన'. నేను ఒట్టి 'వదిన'. ఆవిడకంటే నేనేమైనా చిన్న వదిననా అని ఓసారి కడిగేశాను. "నువ్వు వదినవే వదినా, ఆవిడ పెద్దొదిన, అంతే కదా?" అన్నాడు అమాయకంగా.

అన్నిటికంటే నన్ను తినేసింది ఆ బీరు. మా ఇంట్లో ఏటా అక్టోబర్లో క్రిస్మస్ కోసం నల్లబీరు కాస్తారు. వేయించిన బార్లీ నానబెట్టడం, రాగి కాగు కింద మంట పెట్టడం, హాప్స్ వెయ్యడం, నల్ల పాకం పొయ్యడం అంతా అర్సేన్ పని. చివర్లో మసాలా మూట కట్టి కాగులో దించడం మాత్రం ఇంటి ఇల్లాలి పని. ధనియాలు, ఎండబెట్టిన నారింజ తొక్క, దాల్చినచెక్క, లవంగాలు, అనాసపువ్వు. ఏది ఎంతో రాసిన చీటీ అలమరా తలుపు లోపల అతికించి ఉంది. ఆవిడ చేతిరాతే. అనాసపువ్వు కింద రెండు గీతలు గీసి మరీ రాసింది, తగ్గించడానికి వీల్లేదన్నట్టు.

కాచిన బీరు సీసాల్లో పది వారాలు నేలమాళిగలో నిద్రపోతుంది. క్రిస్మస్ మర్నాడు మధ్యాహ్నం చుట్టాలు, ఇరుగుపొరుగు వస్తారు. మొదటి సీసా మూత తీయగానే విల్‌ఫ్రీడ్ గ్లాసు ఎత్తి, "పెద్దొదినకి!" అంటాడు. అందరూ "గోడెలీవ్‌కి!" అంటారు. మూట కట్టింది నేను. సీసాలు కడిగింది నేను. చీజు కోసి, ఆవముద్ద పక్కన పెట్టి, ఎండుద్రాక్ష రొట్టె కాల్చి, ట్రే పట్టుకుని నిలబడ్డదీ నేనే. పదేళ్లు విన్నాను ఆ మాట. ఒక్కసారి, ఒక్క నోటి నుంచి, 'ఇది లుట్‌గార్డ్ బీరు' అని వినాలని నాకుండేది. పెద్ద కోరికేం కాదు. కానీ అది తీరకుండా పోతే నేను ఈ ఇంట్లో ఎప్పటికీ ఆ బూట్లలో పేపర్లు కుక్కుకుని నడిచే మనిషిగానే మిగిలిపోతాననిపించేది.

పదకొండో అక్టోబర్లో తెగించాను. అనాసపువ్వు అసలు వెయ్యలేదు. నాకు ఆ వాసనంటే చిన్నప్పటి దగ్గుమందే గుర్తొస్తుంది. లవంగాలు సగానికి తగ్గించాను. నారింజ తొక్క పెంచాను. శొంఠి ఒక ముక్క నలగ్గొట్టి, నాలుగు మిరియాలు చేర్చి మూట బిగించాను. అర్సేన్ కాగు కలుపుతూ, "చీటీ చూశావా?" అన్నాడు. "చూశాను," అన్నాను. అబద్ధం కాదు, చూశాను.

డిసెంబర్ మొదట్లో ఆగలేక, అర్సేన్ బయటికెళ్లిన పూట ఒక సీసా తెరిచాను. బట్టలుతికే గదిలో నిలబడి, గ్లాసు వంచి మెల్లగా పోశాను. పొయ్యి మీద కాగిన పాకం రంగు. పైన లేత గోధుమరంగు నురగ. ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదట నారింజ, వెనకాల ఎండు ఖర్జూరం, కాలిన చక్కెర. గుటక వేస్తే తియ్యగా మొదలై, గొంతు దిగేటప్పుడు శొంఠి వెచ్చగా అంటుకుంది. చేదు చివర్లో వచ్చి, మర్యాదగా కూర్చుంది. బాగుంది. నిజంగా బాగుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇది ఆవిడది కాదని పసివాడైనా చెప్పేస్తాడు. ఇక వాళ్లు తాగడమే తరువాయి అనుకున్నాను.

క్రిస్మస్ మర్నాడు గోడెలీవ్ తల్లి జుల్మాని అర్సేన్ కారులో తీసుకొచ్చాడు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, చెవులు అంతంతమాత్రం, నాలుక మాత్రం చురుకే. నేను ఆవిణ్ని ఏమని పిలవాలో ఎవరూ చెప్పలేదు. అర్సేన్ 'అత్తయ్యా' అంటాడు కాబట్టి నేనూ అలాగే అలవాటు చేసుకున్నాను. పొయ్యి పక్క కుర్చీ ఆవిడది. సీసా అడుగున మిగిలే మడ్డిని చిన్న గ్లాసులో విడిగా పోసి ఇంటికి పెద్దవాళ్లకిస్తాం. అదీ ఆవిడదే.

పోశాను. విల్‌ఫ్రీడ్ గ్లాసు ఎత్తి తన మాట తాను అన్నాడు, అందరూ తమ మాట అన్నారు, తాగారు.

విల్‌ఫ్రీడ్ కళ్లు మూసుకున్నాడు. వాడు కళ్లు తెరిచి బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు.

"ఇదీ! ఇదీ పెద్దొదిన బీరంటే! ఏమనుకోకు వదినా, నాలుగైదేళ్లుగా ఎక్కడో ఏదో తేడా కొడుతుండేది. మర్యాదకి ఊరుకున్నాను. ఈసారి కుదిరింది చూడు, అచ్చు ఆవిడ చెయ్యే!"

"అవున్రా," అన్నాడు అర్సేన్. అతని కళ్లల్లో నీళ్లు. "నాకూ అదే అనిపించింది. మొదటి గుటకకే గోడెలీవ్ వచ్చి పక్కన కూర్చున్నట్టుంది."

ఒళ్లు మండిపోయింది నాకు. ఇన్నేళ్లూ ఆవిడ చీటీ ప్రకారం ఆవిడ బీరే చేస్తే తేడా కొట్టిందట. నాది చేస్తే ఆవిడదయిందట. ట్రే బల్ల మీద ధన్‌మని పెట్టాను.

"ఇది గోడెలీవ్ బీరు కాదు. ఇందులో అనాసపువ్వే లేదు. ఇది నాది. నేను మార్చాను."

అందరూ నవ్వారు.

"వదినకి రెండో గ్లాసుకే ఎక్కేసింది," అన్నాడు విల్‌ఫ్రీడ్.

"నేనింకా ఒక్క చుక్క తాగలేదు!"

"లుట్‌గార్డ్, చీటీ చూశానన్నావు కదా," అన్నాడు అర్సేన్, జ్వరమొచ్చిన మనిషితో మాట్లాడినట్టు మెత్తగా.

"చూశాను. చూసి పక్కన పెట్టాను. కావాలంటే ఉండు," అని వంటింట్లోకెళ్లి, విప్పని అనాసపువ్వు పొట్లం తెచ్చి అందరి ముందూ ఊపాను.

"పోయినేడాదిది మిగిలుంటే వేసుంటావులే," అన్నాడు విల్‌ఫ్రీడ్. "అనాసపువ్వు ఘాటు నాకు నాలుక మీద ఇంకా తెలుస్తోంది వదినా. నా నాలుక అబద్ధం చెప్తుందా?"

"నీ నాలుక పుట్టినప్పట్నించీ చెప్తున్నది అదే!"

ఈసారి నవ్వులు వాడి మీద. కానీ నన్ను నమ్మి నవ్వినవాళ్లు ఒక్కరూ లేరు.

"గొడవెందుకు? అత్తయ్యనే అడుగుదాం," అన్నాడు అర్సేన్. "కూతురి చెయ్యి ఆవిడకి తెలియదా? అత్తయ్యా, ఇది ఎవరి బీరు?"

జుల్మా గ్లాసులోది అప్పటికే తాగేసింది. ఇప్పుడు మడ్డి ఉన్న చిన్న గ్లాసు తీసుకుంది. మసాలా అసలు రంగు తెలిసేది మడ్డిలోనే, అది నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. నోట్లో పోసుకుని అటూ ఇటూ తిప్పింది. మింగింది. నా వంక చూసింది. ఆ చూపుతో నాకు అర్థమైపోయింది, ఆవిడ పట్టేసింది. ఇక నా పేరు వినడానికి నిటారుగా నిలబడ్డాను.

"మా గోడెలీవ్‌దే," అంది. "ఇంకెవరిదవుతుంది?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ట్రే తీసుకుని వంటింట్లోకొచ్చేశాను. పొట్లం అలమరాలోకి విసిరి కొట్టాను. గిన్నెలు కడుగుతున్నట్టు నీళ్లు వదిలి, నిజానికి ఏడ్చాను.

కాసేపటికి చేతికర్ర చప్పుడైంది. జుల్మా వచ్చి వెనకాల నిలబడింది.

"శొంఠి వేశావు," అంది.

నేను తిరగలేదు.

"అనాసపువ్వు తీసేశావు. మంచిపని చేశావమ్మాయ్. దానికి అదంటే పిచ్చి. నా గొంతు గీరుకుపోయేది. బతికుండగా చెప్తే చిన్నబుచ్చుకునేది, అందుకని ఊరుకుని తాగాను. దాని దానికంటే ఇది బాగుంది."

"మరి అక్కడ ఎందుకు చెప్పలేదు?" నా గొంతు పెద్దదైంది. "ఒక్కమాట! ఒక్కమాట చెప్తే మీ సొమ్మేం పోయింది అత్తయ్యా?"

ఆవిడ కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చుంది.

"దాని మొగుడు నీ దగ్గరున్నాడు. దాని ఇల్లు నీకుంది. దాని పొయ్యి, దాని మంచం, వచ్చే ఏడు, ఆ పైఏడు, అన్నీ నీవే. ఏడాదికి ఒక్క పూట, ఒక్క సీసా తెరిచినప్పుడు దాని పేరు నా చెవిన పడుతుంది. అంతే మిగిలింది దానికి. అదీ నీకు కావాలా?"

అక్కర్లేదు అనాలి. మంచిమనిషి ఎవరైనా అదే అంటారు.

"కావాలి," అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. తల ఊపింది, న్యాయమే అన్నట్టు.

"నేనైనా అంతే అడిగేదాన్ని," అంది. "సరే. నేను పోయేదాకా ఆగు. ఆ తర్వాత నీ ఇష్టం, నాకెలాగూ వినపడదు."

ఆగాను. మంచితనంతో కాదు, ఆవిడ అంత సూటిగా అడిగేసరికి ఇంకేం చెయ్యాలో తోచక. ఆవిడ ఇంకో నాలుగు చలికాలాలు బతికింది. నాలుగేళ్లూ నా మూటే కట్టాను. నాలుగేళ్లూ "పెద్దొదినకి" అన్నారు. కుళ్లు తగ్గలేదు, పెరిగింది కూడా. ఆ మాట వచ్చినప్పుడల్లా జుల్మా మడ్డి గ్లాసు ఎత్తి నా వంక చూసేది. ఆ చూపు ఒకటి ఉండబట్టి ఆ పూట గడిచిపోయేది. నా బీరు నాదని తెలిసి తాగుతున్న మనిషి ఆ గదిలో ఒకరున్నారు కదా అనుకునేదాన్ని.

ఈ సెప్టెంబర్లో జుల్మా పోయింది. కూతురి పక్కనే పెట్టాం. మాట నిలబెట్టుకున్నాను కాబట్టి ఇక చెప్పెయ్యొచ్చు. క్రిస్మస్ మర్నాడు చెప్పడానికి సిద్ధపడే ట్రే పట్టుకొచ్చాను. ఏం చెప్పాలో పొద్దున్నుంచీ నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. ఈసారి పొట్లాలూ గిట్లాలూ ఊపే పని లేదు, అర్సేన్‌ని కొట్టంలోకి తీసుకెళ్లి కళ్లముందు మూట కట్టి చూపిస్తాను, నమ్మక చస్తాడా అనుకున్నాను.

గ్లాసుల్లో పోశాను. అడుగున మడ్డి మిగిలింది. చిన్న గ్లాసులోకి ఒంపి, పొయ్యి పక్కకి తిరిగాను. కుర్చీలో విల్‌ఫ్రీడ్ కోటు పడేసి ఉంది.

ఆ గ్లాసు ఎవరికివ్వాలో తెలియక అలాగే నిలబడిపోయాను. అందరి మొహాలూ చూశాను. చెప్తే నమ్ముతారు, మహా అయితే. నమ్మి, "అలాగా, బాగుంది వదినా," అంటారు. వాళ్లలో ఒక్కరికీ నా బీరుకీ ఆవిడ బీరుకీ తేడా తెలియదు. తెలిసిన ఒక్క నాలుకనీ నేనే దగ్గరుండి మట్టి చేసి వచ్చాను.

"వదినా, ఏంటలా నిలబడిపోయావ్? కానియ్," అన్నాడు విల్‌ఫ్రీడ్. గ్లాసు ఎత్తాడు. "పెద్దొదినకి!"

అందరూ ఎత్తారు. నేను ఆ మడ్డి గ్లాసే ఎత్తి, ఎవరికీ వినపడకుండా, "అత్తయ్యకి," అని తాగేశాను.