ఆటోనగర్ వెనక కురిసిన మంచు

ఆ రోజుల్లో నాకు ఇరవయ్యారేళ్ళు. బైబిలు కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డాను. లోకంలో నాకు తెలియని సంగతంటూ ఏదైనా ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని గట్టి నమ్మకం. అలాంటివాణ్ణి ఆటోనగర్ వెనక కాలనీలో ఓ చిన్న చర్చికి పాస్టరుగా వేశారు (వేసినవాళ్ళు తర్వాత చాలాకాలం చింతించి ఉంటారు). పాస్టరంటే ప్రసంగాలు చేసేవాడని నా ఊహ. డిసెంబరు వచ్చాక తెలిసింది, పాస్టరంటే సీరియల్ లైట్లు ఎక్కడ మాడిపోయాయో వెతికేవాడు, క్యారల్స్‌కి ఏ వీధి ముందో తేల్చలేక రెండు వీధుల చేతా తిట్లు తినేవాడు, ఒకే రోజు పదకొండు ఇళ్ళలో కేకు తిని ప్రతి ఇంట్లోనూ అదే మొదటి ముక్క అన్నట్టు ముఖం పెట్టేవాడు.

ఇవి చాలవన్నట్టు మా సెక్రటరీగారొకరు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. జనం ఎక్కినా ఎక్కకపోయినా బండి బయల్దేరాలన్న పద్ధతిలోనే చర్చిని కూడా నడిపేవారు. ఆ ఏడాది ఆయన ఫోన్లోకి ఎవరో ఒక వీడియో పంపారు. ఏదో చలిదేశంలో చర్చి, చుట్టూ మోకాలి లోతు మంచు, మెట్ల మీద నల్లకోటు వేసుకున్న పాస్టరు వచ్చేపోయేవాళ్ళతో చేతులు కలుపుతున్నాడు. కమిటీ మీటింగులో ఆ ఫోను చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్ళొచ్చాక, మంచు లేకపోతే అది క్రిస్మస్ ఎట్లా అవుద్దండీ అని ఆయన నిలదీశారు. నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది, కమిటీ అంతా చేతిరుమాళ్ళతో మెడలు తుడుచుకుంటోంది, అయినా ఒక్కరూ నవ్వలేదు. నవ్వాల్సింది నేను. కానీ నేను ఆ నల్లకోటులో నన్ను నేను చూసుకునే పనిలో ఉన్నాను. మంచనేది ఫ్రిజ్‌లో ఐస్ ట్రే చుట్టూ పేరుకునేది తప్ప ఎరగనివాణ్ణి, ఆ వారమే మంచు మీద నాలుగు పేజీల ప్రసంగం రాసి పడేశాను.

మా చర్చిలో ముందు బెంచీ మామ్మ అని ఒకావిడ ఉండేది. ఎవరొచ్చినా రాకపోయినా ముందు బెంచీలో ఆవిడ ఉంటుంది గనక ఆ పేరు. ఆవిడ భర్త కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసినాయన. తలుపులు ఎత్తడం, దించడం, నీళ్ళు ఎంత వదలాలో అంతే వదలడం ఆయన ఉద్యోగం. బాత్రూములో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషనైతే అయింది గానీ మనిషి రెండు నెలలుగా గోడవైపు తిరిగి పడుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నాడట. ఒక్కసారి ఇంటికొచ్చి ప్రార్థన చెయ్యమని మామ్మ అడిగింది. పండక్కి ముందే చర్చిలో జరుపుకునే సెమీ క్రిస్మస్ అవగానే వస్తానన్నాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి ఆవిడ వచ్చేసరికి నేను స్టూలెక్కి కిటికీలకి దూది అంటిస్తున్నాను. చూస్తున్నారుగా మామ్మగారూ ఎంత పనో, అన్నాను. ఆవిడ ఆ దూది వంక కాసేపు చూసి వెళ్ళిపోయింది.

దూదితో సెక్రటరీగారికి తృప్తి కలగలేదు. పెళ్ళిళ్ళలో వధూవరుల మీద నురగ ఊదే పాత మిషనొకటి ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చారు. అది తిరగలేదు. ఆటోనగర్లో లారీల పని చేసే భాయ్ ఒకాయన, పండగ కదా అని తన పని పక్కన పెట్టి, దానికి ఇంకో మోటారు బిగించి తిప్పి చూపించాడు. వెళ్ళేముందు నన్ను పక్కకి పిలిచాడు.

“సార్, లిక్విడ్ మూతతో కొలిచి ఒక్కటే పోయండి. ఎక్కువైతే ఇది ఎవరి మాటా వినదు.”

ఈ మాట నేను సెక్రటరీగారికి చెప్పాను. మన క్రిస్మస్‌కి పిసినారితనం దేనికండీ అని ఆయన డబ్బా మొత్తం వంచేశారు. నేను చూస్తూ నిలబడ్డాను. నాక్కూడా మంచు ఎక్కువే కావాలి మరి.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి సెమీ క్రిస్మస్. చర్చి నిండిపోయింది. పట్నం నుంచి పెద్ద పాస్టరుగారు ముఖ్య అతిథి. నేను ఇస్త్రీ నలగని తెల్ల గౌనుతో లేచి, మంచు అన్న మాట రాగానే చెయ్యెత్తాను, సెక్రటరీగారు స్విచ్చి వేశారు. మొదటి నిమిషం నిజంగా బాగుంది. పిల్లలు చేతులు చాపారు, పెద్దలు ఫోన్లు తీశారు. రెండో నిమిషంలో ముందు బెంచీలు కనపడలేదు. సెక్రటరీగారు స్విచ్చి ఆపబోయి నురగలో స్విచ్చి ఎక్కడుందో మర్చిపోయారు. కీబోర్డు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. ముఖ్య అతిథిగారు లేచి హుందాగా ఒక అడుగు వేశారు, రెండో అడుగు ఆయన ప్రమేయం లేకుండా పడింది, ఆయన్ని పట్టుకోబోయి నేను గుమ్మం దాకా కూర్చున్న భంగిమలోనే ప్రయాణం చేశాను. ఎవరో మెయిన్ ఆపేసేసరికి సంఘమంతా వీధిలో ఉంది. నా నాలుగు పేజీలూ నానిపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఒక్క నా గొప్పతనానికి తప్ప.

మెట్ల మీద కూలబడి నేను రాజీనామా లేఖలో మొదటి వాక్యం ఆలోచిస్తుంటే మామ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

“ఇప్పుడు ఖాళీయేనా అయ్యగారూ?”

రెండో వీధిలోనే ఇల్లు. ఆ అవతారంతోనే వెళ్ళాను. గౌను అంచుల నుంచి నురగ కారుతోంది, చెవుల్లో బుడగలు చిట్లుతున్నాయి. పాస్టరుగారొచ్చారని ఆవిడ చెబితే తాత గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. కిందినుంచి పైదాకా తీరిగ్గా చూశాడు.

“తలుపులెత్తేసి దించడం మర్చిపోయారా ఏంది అయ్యగారూ?”

అని, మంచం కిర్రుమనేలా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే తుంటి లాగుతోంది, అబ్బా అంటాడు, మళ్ళీ నవ్వుతాడు. మామ్మ వంటింటి గుమ్మం పట్టుకుని కళ్ళొత్తుకుంటూ నిలబడిపోయింది. నాకు మొదట కోపం వచ్చింది, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక నేనూ నవ్వాను. గౌను విప్పించి తాత లుంగీ ఒకటి ఇచ్చారు. దాన్ని పిడికిలితో పట్టుకుని ఆయన మంచం పక్కన ప్రార్థన చేశాను. రాసుకున్నది ఏమీ లేదు గనక చిన్నదే అయింది. మూడు వారాలు నేను రానందుకు క్షమించమని కూడా అందులోనే అన్నాను. తాత ఆమెన్ అని, టీ పెట్టవే అని మామ్మకి పురమాయించాడు. రెండు నెలల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి పురమాయింపు అదేనట.

ఆ క్రిస్మస్‌కి నేను చేసిన పాస్టరు పని అదొక్కటే. అదీ నా అంతట నేను చెయ్యలేదు, ఆవిడ చేయిపట్టుకుని లాక్కెళ్ళి చేయించింది.

తాత ఈస్టరుకి కర్ర పట్టుకుని నడిచొచ్చాడు. చివరి బెంచీలో కూర్చుని, నేను ప్రసంగం మొదలుపెట్టిన రెండో నిమిషంలో హాయిగా నిద్రపోయాడు. మీరు నమ్మరు గానీ, అంత జరిగాక కూడా ఆ కుర్ర పాస్టరు నొచ్చుకున్నాడు, రెండు రోజులు ముభావంగా తిరిగాడు. ఆయన ఆ బెంచీలో ఇప్పుడు లేడు. ఉంటే నెమ్మదిగా వెళ్ళి నెత్తిమీద ఫ్యాను వేసొస్తాను.